ఎత్తు బంగారము

రెండేండ్లకొకసారి మాఘపున్నమి దగ్గరపడగానే ఓరుగల్లు సీమలోని పల్లెలలో త్రాసులకు పని పెరుగును. కొడకండ్ల కాని, పాలకుర్తి కాని, తొర్రూరు కాని, ఏ యూరి అంగడివీధిలో చూచినను బెల్లపు ముద్దలు గుట్టలుగా పేర్చియుండును. ఒక తల్లి తన బిడ్డను ఎత్తుకొని వచ్చి త్రాసులోని ఒక తట్టలో కూర్చుండబెట్టును. అంగడివాడు రెండవ తట్టలో బెల్లము పెట్టుచుండును. బిడ్డ కాళ్లాడించుచు నవ్వును. నాయనమ్మ "కదలకు బిడ్డా!" అని బుజ్జగించును. తాత త్రాసు ముల్లువంక కన్నార్పక చూచుచుండును. ముల్లు నడుమకు వచ్చి నిలువగానే ఇంటివారందరి ముఖములును వికసించును. "పోయిన జాతరకు ఎనిమిది కిలోలుండెను. ఈసారి పండ్రెండైనది" అని తాత అడిగినవారికిని, అడుగనివారికిని చెప్పుకొనును.

ఆ మ్రొక్కు బెల్లమును మన ప్రాంతమువారు బెల్లమని పిలువరు; బంగారమని పిలుతురు. మనిషి తూకమునకు సరిపోవునట్లు తూచినది ఎత్తు బంగారము. దానిని మేడారము తీసికొనిపోయి సమ్మక్క సారలమ్మల గద్దెలకడ సమర్పింతురు. మేడారము తాడ్వాయి అడవుల నడుమ నున్న చిన్న పల్లె. అది నేడు ములుగు జిల్లాలోనిది. 2019వ సంవత్సరమునకు ముందు భూపాలపల్లి జిల్లాలోను, 2016వ సంవత్సరమునకు ముందు వరంగల్లు జిల్లాలోను ఉండెను. కోయవారు తరతరములుగా కొలుచుచున్న ఈ వనదేవతలకు విగ్రహములు లేవు. గద్దెలును, వెదురు కఱ్ఱలును, కుంకుమ భరిణయు మాత్రమే వారి గుర్తులు. కాకతీయ సైన్యముతో పోరాడి ఈ కుటుంబమువారు ప్రాణములర్పించిరనియు, కుమారుడు జంపన్న పడిన వాగునకే జంపన్నవాగని పేరు వచ్చెననియు జనులు చెప్పుకొందురు.

బాలలారా! ఆ జాతరలో ఒక విషయమును గమనింపుడు. మొదటి దినమున కూతురు సారలమ్మ కన్నెపల్లినుండి వచ్చి గద్దెనెక్కును. తల్లి సమ్మక్క మరునాడు చిలుకలగుట్టనుండి వచ్చును. అనగా బిడ్డ ముందు, తల్లి వెనుక. ఎత్తు బంగారములో సైతము ఒక విశేషమున్నది. తూచుచున్నంతసేపే అది మన బిడ్డది. గద్దెకడ సమర్పించిన పిమ్మట అందులో కొంచెము ప్రసాదముగా తెచ్చుకొని ఇరుగుపొరుగువారికెల్ల పంచిపెట్టుదురు. ఎంత తూచితిమో అంతయు ఇంటికి తెచ్చుకొని దాచుకొనువారు లేరు.

పెద్దలు పిల్లలను జాతరనాడే కాక జీవితమంతయు తూచుచునేయుందురు. బిడ్డ పుట్టిన ఇరువదియొకటవ దినమున తొట్టెలో వేయునపుడును, పుట్టువెండ్రుకలు తీయించునపుడును, తొలి అడుగు వేసినపుడును, బడిలో పలక పట్టినపుడును, పదవ తరగతి గెలిచినపుడును, ఉద్యోగపు కాగితము చేతికి వచ్చినపుడును, పెండ్లిపీటలమీద కూర్చున్నపుడును పెద్దల మనస్సులోని ముల్లు ఒకమారు కదలును. వారి కన్నులు చెమర్చును. కొడుకు పుట్టగానే తండ్రికి నిజమైన సంతోషము కలుగదనియు, జనులు ఆ కొడుకును మెచ్చిననాడే కలుగుననియు సుమతీ శతకకారుడు చెప్పిన మాట మీరు చిన్న తరగతులలోనే చదివియున్నారు. ఆ పద్యము కొడుకును గూర్చి చెప్పినది. కూతురును గూర్చియు అంతే సత్యమని మనము చేర్చుకొనవలెను.

ఈ గర్వము తప్పా? కాదు. ముదుసలి ముఖమున ఆ వెలుగు లేనినాడు ఇల్లు చిన్నబోవును. కాని గర్వము రెండు విధములుగా నుండును. పంచిపెట్టబడు బెల్లమువంటిది యొకటి. పెట్టెలో దాచుకొని చీమలపాలు చేసికొనునది రెండవది. ఈ భేదమును నాకు నేర్పినవాడు అక్షరము రాని ఒక నేతతాత.

1980వ సంవత్సరము దాటిన పిదప, నేను ఉపాధ్యాయుడనుగా కొత్తగా చేరిన దినములలో జరిగిన సంగతి యిది. కొడకండ్ల ప్రాంతములో నేత పనివారు చాలమంది కలరు. ఇంటి పనితో పొట్ట గడువక యువకులు అనేకులు భీవండికిని, సూరతునకును, షోలాపూరునకును వలసపోయి అక్కడి మరమగ్గములపై పని చేయుచుండిరి. ముసలివారును, స్త్రీలును, పిల్లలును ఊరిలో మిగులుదురు. ఆనాడు ఇంటింట టెలిఫోను లేదు. కొడుకు క్షేమము తెలియవలెనన్న పోస్టుకార్డు రావలెను. వచ్చిన కార్డును చదువుటకు చదువు వచ్చినవారు దొరకవలెను.

మా బడికి దగ్గరనున్న వీధిలో ఆ తాత గుంటమగ్గముపై తువ్వాళ్లు నేయుచుండెను. ఆయన కొడుకు భీవండిలో ఉండెను. మనుమరాలు మా బడిలో ఐదవ తరగతి చదువుచుండెను. ఒకనాటి సాయంకాలము నేను ఆ త్రోవను పోవుచుండగా తపాలా జవాను ఒక కార్డును ఆ యింటి గడపలో ఇచ్చి పోయెను. తాత దానిని నాకు చూపుచు, "సారూ! కొడుకు కార్డు వచ్చినది. కొంచెము చదివి పెట్టుము" అనెను. నేను కార్డునందుకొని, కండెలు చుట్టుచున్న మనుమరాలి చేతికిచ్చి, "ఈమె యుండగా నేనెందుకు తాతా?" అంటిని.

ఆ పిల్ల మొదట బెదరెను. పిదప వేలు పెట్టి కూడబలుకుకొనుచు చదువసాగెను. అందరి క్షేమమును అడిగిన వాక్యములైన పిమ్మట ఆమె గొంతు తగ్గెను. మగ్గము పట్టీలో పడి నాయన కుడిచేతికి దెబ్బ తగిలినదట, ఈ నెల పైకము పంపలేడట. ఆ మాట చదివి ఆమె తలయెత్తి తాతవంక చూచెను. తాత కన్నులలో నీరు తిరిగియుండెను. కాని ఆయన పెదవులు నవ్వుచుండెను. కొడుకు చేతికి తగిలిన దెబ్బకు వచ్చిన కన్నీరును, మనుమరాలు చదివినదన్న ఆనందమును ఒక్క ముఖముననే కనబడెను. "దెబ్బ మానును బిడ్డా! ఇంకొకమారు మొదటినుండి చదువు" అనెను. ఆమె మూడుమార్లు చదివెను.

మరునాటినుండి తాత మారిపోయెను. మగ్గముమీద నాడె ఆడించుచునే త్రోవలో పోవువారిని పిలిచి, "మా మనుమరాలు కార్డు చదివినది" అని చెప్పుచుండెను. క్రమముగా వీధిలోని కార్డులన్నియు ఆ యింటికి రాసాగెను. పిల్ల బడినుండి వచ్చి అరుగుమీద కూర్చుండి చదువుచుండెను. తాత ప్రక్కన కూర్చుండి, తానే చదువుచున్నట్లు తల ఊపుచుండెను. ఇంతవరకు అందరికిని ముచ్చటగానే యుండెను.

కాని గర్వము చేరినచోట పాత పగ తల యెత్తుట కలదు. ఆ యింటి వెనుకనున్న ముసలమ్మకును తాతకును నడిమి గోడను గూర్చి ఏండ్లుగా మాటలు లేవు. ఆమె కొడుకు సూరతులో ఉండెను. ఒకనాడు ఆమెకు కార్డు వచ్చెను. పొరుగు పిల్ల చేతికి పంపి చదివింపుమని అడిగెను. తాత కార్డును త్రిప్పి పంపుచు, "మా పిల్ల చదువు మా యింటిది. గోడ మాట తేలిన పిదప రమ్మనుము" అనెను. మనుమరాలు ఏదియో చెప్పబోగా కసరెను. ముసలమ్మ ఆ కార్డును కొంగున ముడివేసికొని ఊరుకొనెను. ఆత్మాభిమానము కలది గనుక మరియొకరిని బ్రతిమాలలేదు.

నాలుగు దినములు గడచెను. ఐదవ దినమున ఆ పిల్ల బడి విడిచినతోడనే ఇంటికి పోక తిన్నగా ముసలమ్మ గుడిసెకు పోయెను. "అవ్వా! కార్డు తెమ్ము. చదివెదను" అనెను. కార్డు విప్పి చదివినది. కొడుకు జ్వరముతో ఆసుపత్రిలో నున్నాడు. తోడుగా ఎవరినైన వెంటనే పంపుమని ఒక స్నేహితునిచేత వ్రాయించినాడు. వెంటనే యన్న మాట క్రింద రెండు గీతలు గీయబడియుండెను. ముసలమ్మ గుండె బాదుకొని ఏడ్చెను. పిల్ల పరుగున పోయి తాతకు చెప్పెను. "తాతా! నీవు చదువనీయకుంటివి. నాలుగు దినములు పోయినవి" అని మాత్రము అనెను.

తాత మగ్గమునుండి లేచెను. ఆ రాత్రియే ముసలమ్మ అన్న కొడుకును వెంటబెట్టుకొని జనగామ రైలు స్టేషనుకు పోయెను. టిక్కెట్టునకు తన తువ్వాళ్లు అమ్మిన డబ్బు ఇచ్చెను. రోగి బ్రదికెను. నెల దినములకు ఊరికి వచ్చెను. కాని ఆ నెల దినములును తాత సరిగా భోజనము చేయలేదు. ఒకనాడు నాతో, "సారూ! పిల్ల చదువును నా యింటి సొమ్మనుకొన్నాను. పెట్టెలో పెట్టి తాళము వేసినాను. ఆ నాలుగు దినములలో ఆ పిల్లవానికి ఏమైన నైయుండిన, నా మనుమరాలు చదివినదని నేను ఏ ముఖముతో చెప్పుకొందును?" అనెను. నాకు బదులు తోచలేదు. ఏలననగా నేనును నా కుమారుని మార్కులను పొరుగువారి కుమారుని మార్కులతో తూచి మురిసినవాడనే.

ఆ తాత తన తప్పును తెలిసికొనెను. తెలిసికొనలేని తండ్రి కథను మన ప్రాంతపు మహాకవియే చెప్పియున్నాడు. కొడకండ్లకు దూరము కాని బమ్మెర గ్రామము పోతనగారి ఊరని ప్రసిద్ధి. ఆయన భాగవతములోని సప్తమ స్కంధమున ప్రహ్లాదుని కథ కలదు. హిరణ్యకశిపుడు కొడుకును గురువులైన చండామార్కులకు అప్పగించి చదివించెను. కొన్నాళ్లకు పిల్లవానిని పిలిపించి, తొడపై కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చితివని ముద్దుగా అడిగెను. ఇంతవరకు ఆయన కూడ మన తాతవంటి తండ్రియే. కొడుకు నోట తన మాటలే వినబడునని ఆశపడెను. కాని ప్రహ్లాదుడు తన మనస్సునకు తోచిన సత్యమును చెప్పెను. అంతటితో ఆ ప్రేమ కోపమాయెను. కోపము హింసయాయెను. ఆ తండ్రికి కావలసినది కొడుకు కాదు, అద్దము. అద్దములో తన ముఖము కనబడకపోగా దానిని పగులగొట్టబూనెను.

తెలిసికొన్న మరియొక తండ్రి మన రాజధానీనగరమున నుండెను. ఆయన పేరు అఘోరనాథ చటోపాధ్యాయుడు. వంగదేశమునుండి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన విద్వాంసుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రములో పట్టము పొందినవాడు. నేటి నిజాం కళాశాలకు మూలమైన విద్యాలయమునకు ఆయనయే తొలి ప్రధానాచార్యుడు. ఆయన కుమార్తె 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన జన్మించెను. ఆమెయే సరోజినీదేవి. కూతురు గొప్ప గణితవేత్తయో, శాస్త్రవేత్తయో కావలెనని తండ్రి సంకల్పము. ఆమెకు పదునొకండేండ్ల ప్రాయమున, బీజగణితములోని ఒక లెక్క తేలక నిట్టూర్చుచుండగా, లెక్కకు మారుగ ఒక కవిత మనస్సులోనికి వచ్చెనట. పండ్రెండవ యేటనే ఆమె మద్రాసు విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గి దేశమంతట పేరు పొందెను. అంతటి మేధ కల కుమార్తె లెక్కలు విడిచి కవిత్వము చేపట్టగా తండ్రి ఆమెను ఆ మార్గమునుండి త్రిప్పలేదు. 1895వ సంవత్సరమున నిజాము ప్రభువుచ్చిన విద్యార్థి వేతనముతో ఆమె ఇంగ్లండునకు పోయెను. తిరిగివచ్చిన పిమ్మట 1898వ సంవత్సరమున డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. కులమును, భాషయు వేరైన ఆ వివాహము ఆనాటికి సాహసమే. 1905వ సంవత్సరమున ఆమె మొదటి కవితాసంపుటము అచ్చయ్యెను.

అఘోరనాథుడు 1915వ సంవత్సరమున కాలధర్మము చెందెను. ఆయన చూచినది ఇంతవరకే. 1925వ సంవత్సరమున కాన్పూరు కాంగ్రెసు మహాసభకు తన కుమార్తె అధ్యక్షత వహించుటను ఆయన చూడలేదు. 1947వ సంవత్సరమున ఆమె సంయుక్త రాష్ట్రములకు గవర్నరగుటను చూడలేదు. మనుమరాలు పద్మజా నాయుడు 1956వ సంవత్సరమున పశ్చిమ బెంగాలు రాష్ట్రమునకు గవర్నరగుటను అసలే ఎరుగడు. పెద్దలకు కలుగు భాగ్యమింతే. తొలి మజిలీలను మాత్రము వారు చూతురు. మిగిలిన త్రోవను నమ్మకముతో విడిచిపెట్టి పోవుదురు. లెక్క తేలలేదని ఆ తండ్రి కూతురు చేతిలోని కలమును లాగికొనియుండినచో ఆ త్రోవ ఎక్కడ ఆగిపోయెడిదో కదా!

మన తాత కథ ఇంకను మిగిలియున్నది. మనుమరాలు పదవ తరగతి పరీక్ష వ్రాసెను. ఆ దినములలో పరీక్షా ఫలితములు వార్తాపత్రికలో హాలు టిక్కెట్టు సంఖ్యల వరుసలుగా అచ్చగుచుండెను. తాతకు అక్షరములు రావు. కాని నూలు కొనువాడు గనుక, ఇరువది నంబరు నూలేదో, నలువది నంబరు నూలేదో బేళ్లపై చూచి చూచి అంకెలు తెలిసినవి. మనుమరాలి సంఖ్యను ముందే కంఠస్థము చేసికొని, వేకువనే బస్సు ఆగు చోటికి పోయి నిలుచుండెను. పత్రిక రాగానే నేలపై పరచి, మోకాళ్లపై కూర్చుండి, వేలితో వరుసలు దిద్దుకొనుచు పోయెను. ఎవరి సహాయమును కోరలేదు. వేలు ఒకచోట ఆగెను. ఆ పత్రికను మడిచి తలపాగలో పెట్టుకొని ఇంటికి వచ్చెను. జీవితములో ఆయన చదివిన పత్రిక అదియొక్కటే.

ఆ మరుసటి జాతరకు ముందు ఆయన నాకు అంగడివీధిలో కనబడెను. ఐదేండ్ల పిల్లగా నున్నపుడు ఆమెకు ఎత్తు బంగారము మ్రొక్కి తీర్చినాడట. ఇప్పుడు మరల తూచెదవా యని నేను పరిహాసముగా అడిగితిని. ఆయన నవ్వి, "అప్పుడు పదునాలుగు కిలోలైనది సారూ! ఇప్పుడు ఆ పిల్ల తూకమునకు బెల్లము తెచ్చు బలము నాకు లేదు. ఊరిలోని కార్డులన్ని పెట్టి తూచినను ముల్లు లేవదు" అనెను. రెండు కిలోల బెల్లము మాత్రము కొనెను. జాతరనుండి తిరిగివచ్చిన పిదప ప్రసాదమును వీధిలో పంచుటకు బయలుదేరి, మొట్టమొదట వెనుకింటి ముసలమ్మ గడపకు పోయెను. నడిమి గోడ అప్పటికే మోకాలెత్తునకు కూలియుండెను. దానిని మరల కట్టుటకు ఇద్దరిలో ఎవరును పూనుకొనలేదు.

విద్యార్థులారా! నేడు కార్డులు పోయినవి. 2016వ సంవత్సరమున జనగామ జిల్లా ఏర్పడి కొడకండ్ల అందులో చేరినది. ఫలితములు చేతిలోని ఫోనులోనే కనబడుచున్నవి. కాని ఫలితము వచ్చు దినమున మీ యింటిలో ఒక ముసలి ముఖము మీవంక చూచుచుండును. ఆ చూపును చిన్నచూపు చూడకుడు. ఆమె మీ మార్కులు అడిగినది, మీ తూకము తక్కువయని కాదు. త్రాసు తట్టలో నవ్వుచు కూర్చున్న ఆ పసిబిడ్డను ఆమె ఇంకను మరువలేదు. పరీక్ష పోయిననాడు సైతము ఆమె దగ్గరకు పోయి చెప్పుడు. జాతరకు జాతరకు నడుమ బిడ్డ జబ్బుపడి చిక్కినను ఏ తల్లియు బిడ్డను తట్టనుండి దింపివేయలేదు; బిడ్డ యెంత తూగిన అంత బంగారమే పెట్టినది.

మీ పెద్దలు మిమ్ములను పొరుగువారి పిల్లలతో తూచినచో నొచ్చుకొనకుడు. మెల్లగా వారికి ఈ తాత కథ చెప్పుడు. మీరు నేర్చినది మీ యింటి గడప దాటి, మాటలు లేని యింటికి సైతము ఉపయోగపడిననాడు వారి గర్వము దానంతటదే తియ్యనగును. నాలుగు దినములు కొంగుముడిలో పడియున్న ఒక కార్డును విప్పి చదివిన ఆ పిల్లకు మించిన తూకము గల మనిషిని, ఇన్నేండ్ల ఉద్యోగములో నేను అరుదుగనే చూచితిని.